పెద్దలను కూర్చోబెట్టింది ఇక చాలు

మన సంఘం పత్రిక పోయిన సంచికలో, కడపలో పెద్దలకు మనం చేసిన సన్మాన సభ ఫోటోలు మీరంతా చూసే ఉంటారు. వేదిక మీద వరసగా సోఫాలు, శాలువాలు కప్పుకున్న పెద్దలు, వెనకాల మన సంఘం బ్యానరు. ఇద్దరు కుర్రాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపుతున్నది మా నాయనను. కింద 'వయోభారాన్ని లెక్కచేయక విచ్చేసిన' అని రాశారు. అది వయోభారం కాదు. ముఖ్య అతిథి వచ్చేదాకా, పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, ఆ లోతైన మెత్తటి సోఫాలో కదలనివ్వకపోతే కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయిన మనిషి ఆయన.

మధ్యలో లేవబోయారు కూడా. నేను కిందే ఉన్నాను. ఒక వాలంటీరు పిల్లవాడు పరుగున వచ్చి భుజం మీద చెయ్యేసి, "తాతా, నువ్వు లేయొద్దు. గుండె ఆపరేషన్ అయిన మనిషివి. ఏం కావాలన్నా మేం తెస్తాం కదా" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. నా మనసు కలుక్కుమంది ఆ ప్రేమకే.

మా నాయన ఆర్టీసీ కండక్టరుగా కడపలో రిటైరయ్యారు. ప్రొద్దుటూరు, పులివెందుల, బద్వేలు, రాయచోటి సర్వీసులన్నీ తిరిగారు. సంత రోజు బస్సు కిక్కిరిసి ఉంటే ముందు నుంచి వెనక దాకా జనంలో దూరి టికెట్లు కొట్టి, 'రైట్ రైట్' అనేసరికి ఇంకో స్టేజీ వచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఒకచోట కూర్చునేవారు కాదు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లో ప్రచురించిన పరిశోధన ఇలాంటి కండక్టర్ల గురించే. రోజంతా సీట్లో ఉండే బస్సు డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కిదిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది. మా నాయనకు అయినా వచ్చింది. షుగరుంది, బీడీలు కాల్చారు. నిలబడి చేసే ఉద్యోగం అన్నిటినీ ఆపదు.

బైపాస్ అయి ఇంటికొచ్చాక ఆయనకు కుర్చీ అంటించేశారు. నీళ్ళు, మాత్రలు, పేపరు, సంగటి కంచం, అన్నీ అక్కడికే. మా మరదలు అంత బాగా చూసుకుంది, ఆమెను ఒక్క మాట అనలేను. మన వైపు ఇంటి పెద్ద లేచి నీళ్ళు ముంచుకుంటే కోడలికి పేరు పోతుంది. 'ముసలాయనతో పని చేయిస్తాండారు' అని వీధిలో అంటారు. అట్లా ఏడాది తిరిగేసరికి తొడలు సన్నబడ్డాయి, బాత్రూముకు గోడ పట్టుకుని పోవాల్సి వచ్చింది. డాక్టరేమో గుండె బాగుందనే చెప్తున్నాడు.

ఇందులో వింతేమీ లేదు. నడిచినప్పుడల్లా పిక్కల కండరాలు కాళ్ళలోని రక్తాన్ని గుండె వైపు పైకి తోస్తాయి. గంటల తరబడి కూర్చుంటే ఆ పని ఆగి పాదాలు వాస్తాయి. వాడని కండ ముసలితనంలో తొందరగా కరిగిపోతుంది, తిరిగి పట్టడం కష్టం. కాళ్ళు బలహీనపడితే నాలుగడుగులకే ఆయాసం. ఆ ఆయాసం చూసి, గుండెకే ఏదో అయిందని భయపడి మళ్ళీ కూర్చోబెడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్ద వయసువాళ్ళను కూడా కూర్చునే సమయం తగ్గించమన్నాయి. దాని బదులు తేలికపాటి కదలికైనా మేలేనన్నాయి. వ్యాయామం అనగానే బెదిరిపోయే మన పెద్దలకు ఇంతకంటే ధైర్యం చెప్పే మాట లేదు.

కడపలోనే ఒక ఫిజియోథెరపిస్టు మా ఇంటిని మార్చారు. నీళ్ళ చెంబు వంటింట్లోకి పోయింది, దాహమైతే ఆయనే వెళ్ళాలి. మెత్తటి కుర్చీ తీసేసి చేతులున్న గట్టి కుర్చీ వేయించారు. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి కాసేపు నిలబడాలి. ఇప్పుడు సాయంత్రం వేళ వీధి చివర కట్ట దాకా కర్ర పట్టుకుని తానే వెళ్ళొస్తున్నారు.

మా తమ్ముడు మొదట్లో ఒప్పుకోలేదు. "నువ్వు ఆడ కుచ్చోని చెప్తావు అక్కా, పడితే ఎత్తాల్సింది మేము" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్ళు గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్ళు ఆడించి, పట్టు దొరికాకే లేవాలి. ఛాతీ నొప్పి, ఊరికే ఉన్నా ఆయాసం, ఉన్నట్టుండి పెరిగిన బరువు, కాళ్ళ వాపు ఉంటే ముందు డాక్టరు దగ్గరికే పోవాలి. కడప ఎండల్లో మధ్యాహ్నం బయటికి పంపకూడదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ కుర్చీలోనే ఉంచితే కాళ్ళ బలం తగ్గి, పడిపోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఆపరేషన్ దాకా మన జిల్లాల్లో ఒక దారి ఏర్పడింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచి ఉచితంగా వైద్యం చేస్తోంది. కుట్లు మానాక ఇంట్లో ఏం చేయాలో పక్కనుండి చూపించేవాళ్ళే తక్కువ. అక్కడే మన సంఘం డబ్బు అవసరం.

అందుకే కమిటీ పెద్దలను వేడుకుంటున్నాను. వచ్చే డిసెంబరులో సన్మానం గంటలో ముగించండి. అతిథి ఆలస్యమైతే ఆయన లేకుండానే మొదలుపెట్టండి. పెద్దలకు చేతులున్న ఎత్తైన కుర్చీలు వేయండి, లేచేవాళ్ళను ఆపకుండా తోడు నడవమని వాలంటీర్లకు చెప్పండి. శాలువాల ఖర్చుతో గుండెజబ్బున్న పెద్దల ఇళ్ళలో బాత్రూము గోడకు పట్టుకునే కడ్డీలు బిగించి, కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టును పంపుదాం. బడ్జెట్ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. కడప, కర్నూలు, అనంతపురం నుంచి వచ్చిన సభ్యులు దయచేసి ఆ రోజు వచ్చి బలపరచండి.