డుష్ గారికి ఫిడేలు పక్షాన ఒక మనవి

మహారాజశ్రీ డుష్ గారికి, విజయవాడ గాంధీనగర్ నుంచి నమస్కరించి వ్రాయునది. మీరు క్షేమమని తెలుసు. సీరియల్లో మొహం మొహానికీ మోగే మోత మీరే కదా, రోజూ రాత్రి వినపడుతూనే ఉన్నారు.

నిన్నటి ఎపిసోడ్‌లో కోడలు తాళి తీసి హుండీలో వేసింది కదా, ఆ సీనుకు రెండు నిమిషాల నలభై సెకన్ల ఫిడేలు ముక్క కట్టింది నేనే. "ఏడుపు కావాలి, చానెల్ మార్చేంత వద్దు" అన్నారు డైరెక్టరు గారు. ఏడుపుకు పేరుపడ్డ శుభపంతువరాళి రాగం ఎత్తుకున్నాను. ముందు సాధారణ గాంధారం అనే స్వరం దగ్గరే తచ్చాడి, ప్రతిమధ్యమాన్ని దాచి దాచి, ఆవిడ చెయ్యి హుండీ మీదికి వెళ్ళేసరికి పంచమం మీద నిలబడాలని లెక్క. మే నెల, మధ్యాహ్నం రెండు. మైకులో చప్పుడొస్తుందని ఏసీ, ఫ్యాను రెండూ ఆపేశాం. ఫిడేలాయన చెమట కమాను మీదికి కారుతోంది. నాలుగు టేకులు స్టేషన్లో రైలు కూత మింగేసింది. అయిదోది కుదిరింది.

టీవీలో ఏడు సెకన్లు వచ్చింది.

తరువాత తమరు వేంచేశారు. అత్తగారి మొహం, డుష్. పక్కింటావిడ మొహం, డుష్. మళ్ళీ అత్తగారే, ఈసారి నలుపు తెలుపులో, డుష్! ఆ మూడోది సరిగ్గా నా పంచమం నెత్తిన పడింది. ఏమయ్యా, నీకు శ్రుతి లేదు, తాళం లేదు, సిగ్గు కూడా లేదా? తాళి తీస్తే నువ్వే, కాఫీ ఒలికితే నువ్వే!

(పేమెంటు సంగతి ఎత్తను. టైటిల్స్‌లో నా పేరు ఎంత వేగంగా పోతుందో కూడా ఎత్తను.)

మా అమ్మ వంటింట్లోంచే సీరియల్ చూస్తుంది, చెవులతో. నా ఫిడేలు మోగినంతసేపూ పాలు చూసుకుంది. నువ్వు మోగగానే స్టవ్ కట్టేసి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఏమైందిరా?"

పొద్దున్నే ఎడిటర్ ఫోను. పాత డుష్ జనానికి అలవాటైపోయిందట, కొత్తవి మూడు రకాలు కావాలట, సాయంత్రానికల్లా.

ఇందాక మేడ మీద రేకు తలుపును పచ్చడిబండతో బాది రికార్డు చేశాను. రెండోది కాస్త బోలుగా ఉంది. మూడోది మాత్రం, నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా వచ్చింది.

ఇట్లు,
ఏడు సెకన్లవాడు