గాలిని గాలికొదిలేస్తామా?

ఈ దేశంలో లీకేజీల మీద చర్చకేం కొదవలేదు. ప్రశ్నపత్రాల లీకేజీ మీద ధర్నాలు చూశాం, పథకాల లీకేజీ మీద ఉపన్యాసాలు విన్నాం. మా షెడ్డులో గాలి లీకేజీ గురించి మాత్రం ఇంతవరకు ఏ పార్టీ నోరు విప్పలేదు. ఆ బాధ్యత నేనే తలకెత్తుకోవాల్సి వచ్చింది.

తణుకులో మా ఇంటి వెనక రేకుల షెడ్డుంది. చెక్కపని, స్ప్రే పెయింటింగ్. అందులో గాలిని అణిచి ట్యాంకులో నింపే కంప్రెషర్, 2 హెచ్‌పీ మోటారు, 100 లీటర్ల ట్యాంకు. ప్రెషర్ 8 కేజీలకు చేరితే ఆగుతుంది, 6కి దిగితే తనంతట తనే లేస్తుంది. పగలైతే ఇది మంచి గుణమే. కానీ హోస్ పైపును బిగించే కప్లింగ్ దగ్గర సుయ్‌మని సన్నగా గాలి పోతూ ఉంటుంది. అలా పోయి పోయి, సరిగ్గా రాత్రి రెండింటికి కంప్రెషర్ డబడబమని లేస్తుంది. అమ్మ "దొంగలొచ్చార్రా" అంటూ కర్ర వెతుక్కుంటుంది. పొద్దున ఎదురింటి మాస్టారు "ఏం నాయనా, నైట్ షిఫ్ట్ పెట్టావా?" అని వాకబు చేస్తారు.

కప్లింగ్ విప్పి మరకి నాలుగు చుట్లు టెఫ్లాన్ టేపు చుడితే సరిపోతుందని కొందరు సంకుచితంగా ఆలోచిస్తారు. టేపు ఖరీదు 20 రూపాయలు. ఇంత పెద్ద సమస్యకు 20 రూపాయల పరిష్కారమంటే సమస్యను అవమానించడమే. పైగా ట్యాంకు మూతి దగ్గరే పసుపు పిడి ఉన్న బాల్ వాల్వ్ ఒకటుంది. షెడ్డు మూసేటప్పుడు పావు చుట్టు తిప్పితే గాలి బంద్. పదకొండేళ్లుగా మేం దాన్ని తిప్పలేదు. కాబట్టి అది తిప్పడం మానవమాత్రులకు సాధ్యం కాదని రుజువైనట్టే.

"అన్నా, రోజూ నేను తిప్పుతాలే" అన్నాడు మా కుర్రాడు. విధాన నిర్ణయాల మధ్యలో వ్యక్తిగత త్యాగాలు తగవని వారించాను.

ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. కంప్రెషర్ తాగే కరెంటులో 10 నుంచి 30 శాతమే చివరికి పనికి అందుతుందని, మిగతాది చాలావరకు వేడిగా పోతుందని బీఈఈ పుస్తకంలో రాసి ఉంది. అదే, మన ఫ్రిజ్‌లకు నక్షత్రాలు అంటించే సంస్థ. అంతా పోగా మిగిలిన ఆ కాస్త గాలి కూడా కప్లింగ్ పాలవుతుంటే పౌరుడనేవాడు నిద్రపోగలడా? మా కంప్రెషర్ ఎలాగూ పోనివ్వదనుకోండి.

అందుకని 1,200 పెట్టి సోలనాయిడ్ వాల్వ్ తెచ్చాం. కరెంటిస్తే తెరుచుకుంటుంది, ఆపితే టక్కున మూసుకుంటుంది. మా బావ దాన్ని షెడ్డు లైటు స్విచ్చికే కలిపాడు. లైటార్పితే గాలీ ఆగుతుంది. మూడు రోజులు రామరాజ్యం నడిచింది.

నాలుగో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ట్యాంకు నిండా గాలి, వాల్వ్ మూత. ఇదివరకు కరెంటు లేకపోయినా ట్యాంకులో ఉన్న గాలితో వీధిలో పిల్లల సైకిళ్లకు గాలి కొట్టేవాళ్లం. ఇప్పుడు గాలికి కూడా కరెంటు కావాలి. అభివృద్ధి అంటే ఇదే కాబోలు. అదీగాక పగలంతా కరెంటు మీదుండే ఆ వాల్వ్ కాయిల్ మీద చెయ్యి వేస్తే దోసె పెనం గుర్తొచ్చింది. పది రోజులకు వాల్వ్ సరిగ్గా మూసుకోవడమూ మానేసింది. విప్పి చూస్తే లోపల తుప్పు పలుకులు. మా గోదావరి గాలిలో తేమకేం తక్కువ? ఆ గాలిని అణిస్తే నీళ్లన్నీ ట్యాంకు అడుగున చేరతాయి. ఆ నీళ్లు వదలడానికి కింద డ్రెయిన్ కాక్ ఉంటుందని అప్పుడే గుర్తొచ్చింది. పదకొండేళ్ల తర్వాత దాన్ని తిప్పాం. కాఫీ డికాక్షన్ రంగులో అరబకెట్ వచ్చింది.

ఇక లాభం లేదని 3,200 పెట్టి మోటారు బాల్ వాల్వ్ బిగించాం. తెరుచుకోవడానికి ఐదారు సెకన్లు పడుతుంది, మంత్రిగారి కారు తలుపులా ఠీవిగా. కరెంటు పోతే ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి సైకిళ్లకు మళ్లీ గాలి దొరికింది. లైటార్పితే తనే వెనక్కి తిరిగి మూసుకునేలా బావ వైరింగ్ మార్చాడు. ఆ సాయంత్రం ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కూడా కొట్టాం.

ఆ రాత్రి రెండింటికి కంప్రెషర్ లేచింది.

టార్చిలైటు పట్టుకుని వెళ్లాం. కొత్త వాల్వ్ బిగుతుగా మూసుకునే ఉంది. దాని తప్పేం లేదు, తనని దాటి వెళ్లే గాలినే అది ఆపగలదు. సుయ్‌మనే శబ్దం ట్యాంకు కింది నుంచి వస్తోంది. మేం పదకొండేళ్లకు కదిపిన డ్రెయిన్ కాక్ మళ్లీ పూర్తిగా మూసుకోలేదు. తుప్పు ఇరుక్కుందట.

కుర్రాడు ఏదో చెప్పబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. డ్రెయిన్ కాక్ స్థానంలో బిగించే టైమర్ వాల్వ్ కూడా మార్కెట్లో ఉందట. కరెంటుతో పనిచేస్తుంది, దానంతట అదే నీళ్లు వదిలి మూసుకుంటుంది. ఆర్డర్ పెట్టాను. శనివారానికి వస్తుందన్నారు. అమ్మ మాత్రం కర్ర మంచం పక్కనే పెట్టుకుని పడుకుంటోంది.