ఎంటీవీలో పాటలను చంపింది యూట్యూబ్ కాదు

‘44 ఏళ్ల ఎంటీవీ మూతపడింది. యూట్యూబ్ దెబ్బకే పోయింది. ఇప్పుడు మ్యూజిక్ వీడియోలు ఎవరు చూస్తున్నారు?’ 2025 డిసెంబర్ 31 తర్వాత ఈ మాట తెగ షేర్ అయింది. పాట కోసం టీవీ ముందు కాచుకుని కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ బాధ నాకూ ఉంది. కానీ ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు.

మొదటిది, మూతపడటం. ఆ రోజు బ్రిటన్‌లో ఆగిపోయినవి ఐదు పాటల ఛానళ్లు: ఎంటీవీ మ్యూజిక్, ఎంటీవీ 80స్, ఎంటీవీ 90స్, క్లబ్ ఎంటీవీ, ఎంటీవీ లైవ్. అసలు ఎంటీవీ ఆగలేదు, అక్కడా అమెరికాలోనూ రియాలిటీ షోలతో నడుస్తూనే ఉంది. 1981 ఆగస్టు 1న ఎంటీవీ మొదలైంది బగుల్స్ అనే బ్రిటిష్ బృందం పాట ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’తో. ఎంటీవీ మ్యూజిక్ చివరగా వేసింది కూడా అదే. మొత్తం ఛానలే పోయిందని జనం అనుకోవడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

రెండోది, యూట్యూబ్ మీద నింద. తారీఖులు చూడండి. యూట్యూబ్‌లో మొదటి వీడియో పడింది 2005 ఏప్రిల్‌లో. ఎంటీవీ 1987లోనే గేమ్ షో పెట్టింది, 1992లో కొత్తవాళ్లను ఒకే ఇంట్లో ఉంచి చూపించే రియాలిటీ షో ‘ది రియల్ వరల్డ్’ మొదలుపెట్టింది. అంటే యూట్యూబ్ పుట్టకముందే పాటలను పక్కకు జరిపింది. ఎందుకంటే, నాలుగు నిమిషాల పాట నచ్చకపోతే చెయ్యి రిమోట్ మీదికి పోతుంది. అంటే గంటలో పదిహేను సార్లు ప్రేక్షకుడు జారిపోయే ప్రమాదం. అదే ఒక ఇంట్లో గొడవ మొదలైందంటే, ఎలా తేలుతుందో చూద్దామని అరగంట కదలడు. ప్రకటనల డబ్బు ఆ అరగంటలో ఉంది. పైగా పాట పక్క ఛానల్లోనూ వస్తుంది, షో మాత్రం తమ సొంతం. వీడియోలు మొదట్లో రికార్డు కంపెనీల నుంచి ఉచితంగానే వచ్చేవి. అయినా వాటిని పక్కన పెట్టారంటే లెక్క ఎంత గట్టిగా వేసుకున్నారో చూడండి. 1998లో వచ్చిన టీఆర్ఎల్ (టోటల్ రిక్వెస్ట్ లైవ్) అనే పాటల కౌంట్‌డౌన్ షోలో కూడా చాలా పాటలు ముక్కలుగానే వచ్చేవి. సగంలో అభిమానుల కేకలు, ఆ వెంటనే ఇంకో పాట. యూట్యూబ్ వచ్చాక మిగిలిందీ పోయింది, అది ఒప్పుకుంటాను. 2010లో లోగోలోంచి ‘మ్యూజిక్ టెలివిజన్’ అన్న మాటలు కూడా తీసేశారు.

ఇక ఎవరూ చూడటం లేదన్న మాట. యూట్యూబ్‌లో మొట్టమొదట 100 కోట్ల వ్యూస్ దాటింది ఒక మ్యూజిక్ వీడియోనే, 2012 డిసెంబర్‌లో, కొరియన్ గాయకుడు సై పాట ‘గంగ్నమ్ స్టైల్’.

నిజంగా పోయింది వేరే. ఎంటీవీలో తెర కింద ఎడమ మూల పాట పేరు, పాడినవాళ్ల పేరు, ఆల్బమ్ పేరు పడేవి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. మొదటిది మిస్సయితే, పేరు తెలియని ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవడానికి పాట అయిపోయేదాకా కదలకుండా కూర్చునేవాళ్లం.