వడియాలు బాగా ఎండుతున్నాయి

మా నెల్లూరులో బీదాబిక్కీకి ఒళ్లు వంగడం లేదని పెద్దలకు బెంగ పట్టుకుంది. మా పక్క కాలనీలో దానికి మందు కూడా కనిపెట్టారు. ఓపెన్ జిమ్! చుట్టూ రేకుల ఇళ్లు, మధ్యన సిమెంటు గచ్చు, గచ్చు మీద రంగురంగుల ఇనప యంత్రాలు. ప్రారంభానికి వచ్చిన ఒకాయన, రోజుకు పదివేల అడుగులు నడవండని సెలవిచ్చి, ఇరవై అడుగుల దూరంలో ఏసీ వేసి ఉంచిన కారెక్కాడు. ఆ పదివేలు శాస్త్రం కాదు స్వామీ, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముకోడానికి పెట్టుకున్న పేరు.

యంత్రాలు మాత్రం వృథా పోలేదు. మే నెలలో పోయి చూశా. కాళ్లతో తోసే దాని సీటు మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టారు. నడుం తిప్పుకునే పళ్లెంలో ఎండుమిరపకాయలు. వేలాడే కమ్మీకి ఎవరో పిల్లోడి నిక్కర్లు. ఆ కమ్మీ పట్టుకోబోయా. అట్లపెనం మీద చెయ్యేసినట్టయింది. కాపలా కూర్చున్న అవ్వ నవ్వింది. "మసిగుడ్డ తెచ్చుకోవాల అబ్బయా!"

సాయంత్రం చెయ్యొచ్చుగా అంటారా? పగలంతా తాగిన ఎండను గచ్చూ గోడలూ రాత్రిదాకా కక్కుతూనే ఉంటాయి. పైగా సముద్రపు చెమ్మ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నమ్మకపోతే రోహిణి కార్తెలో ఒక్క రాత్రి ఆ రేకుల కింద పడుకోండి.

అసలు ఎవరికయ్యా వ్యాయామం? బేల్దారి పనికి పోయి, నెత్తిన ఇటుకలతో మెట్లెక్కి దిగే ఆడమనిషికా? పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఎనిమిదింటికి తట్ట ఎత్తుకుంటే ఆమెకది సోమవారం పదిన్నరకే ఐపోతుంది.

ఆడుకోవాల్సింది పిల్లకాయలు. ఈ గచ్చు పోసిన చోట వేపచెట్టుండేది. ఎర్రటెండలో కూడా దాని కింద గోళీలాడేవాళ్లు. జిమ్ముకు అడ్డమని దాన్ని కొట్టేశారు! 2015 మేలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. అది చూశాక కూడా నీడనిచ్చే చెట్టు నరికి, దాని మొదట్లో ఇనుము పాతి, ఆరోగ్యం అని బోర్డు పెడతారా? సిగ్గు లేదా మీకు? ఇప్పుడా పిల్లకాయలు రేకుల కింద ఉక్కలో ఫోను చూస్తున్నారు. రేపు వాళ్లనీ సోమరిపోతులనేది మీరే.

వచ్చే ఏడు ఇంకో రెండు యంత్రాలు వేస్తారంట. అవ్వకు చెప్పా.

"వెయ్యమను నాయనా, అప్పడాలకు చోటు చాల్లా."