సిమ్యులేటర్ గంటలు లారీ గంటలకు బదులు కావు

లారీ నడపడం నేర్పేటప్పుడు కొన్ని గంటలు సిమ్యులేటర్ మీద, అంటే తెరమీద రోడ్డు చూపిస్తూ బండిలాగే నడిపించే యంత్రం మీద, చేయిస్తే సరిపోతుందా అన్నది ఇక్కడి ప్రశ్న. ఉత్తర అమెరికా రోడ్ల మీద తిరిగే 10, 13, 18 గేర్ల భారీ ట్రక్కుల్లో చాలావాటి గేర్‌బాక్సుకు సింక్రోమెష్ ఉండదు. కారులో గేరు పళ్ల వేగాలను కలిపే పని ఈ సింక్రోమెష్‌లోని రింగు చూసుకుంటుంది. ఇక్కడ ఆ పని డ్రైవరు కాలూ చెవీ చేయాలి. అందుకే డబుల్ క్లచ్. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజిన్ వేగం పడేదాకా ఆగి, మళ్లీ తొక్కి పై గేరు వేయాలి. 10 గేర్ల బండిలో 1500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గేరు తీస్తే పై గేరు పడేది సుమారు 1100 దగ్గర. న్యూట్రల్‌లో క్లచ్ ఎందుకు వదలాలో చాలామంది కొత్తవారికి అర్థం కాదు. వదిలితేనే గేర్‌బాక్సులోని కౌంటర్ షాఫ్టు (ఇంజిన్ తిప్పే గేర్ల ఇరుసు) ఇంజిన్‌తో కలిసి నెమ్మదిస్తుంది. కింది గేరుకు దిగేటప్పుడు ఎక్సలేటర్ ఇచ్చి దాని వేగం పెంచగలిగేదీ అప్పుడే. ఈ కారణం తెలియనివాడు వరస బట్టీపట్టి, కంగారులో మరిచిపోతాడు.

ఈ వరస కాలికీ చేతికీ అలవాటు చేయడానికి సిమ్యులేటర్‌ను మించిన సాధనం లేదని మా అభిప్రాయం. అసలు బండిలో మొదటి రోజే స్టీరింగు, అద్దాలు, వెనక ట్రైలరు, ఎదురొచ్చే వాహనాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. సిమ్యులేటర్‌లో ఖాళీ రోడ్డు పెట్టి గేర్లు మాత్రమే మార్పించవచ్చు. పళ్లు గరగరలాడినా అరిగేది ఏమీ లేదు.

క్లచ్ బ్రేక్ సంగతే చూడండి. పెడల్ అడుగంటా తొక్కితే చివరి అంగుళంలో అది పట్టుకుని గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టును, అంటే ఇంజిన్ వైపు నుంచి వచ్చే ఇరుసును, ఆపేస్తుంది. ఆగి ఉన్న బండిలో మొదటి గేరు, రివర్సు వేయడానికే అది ఉంది. కారు అలవాటున్నవాడు నడుస్తున్న బండిలోనూ నేలకు తొక్కుతాడు. గేరు పడదు, క్లచ్ బ్రేక్‌ను షాఫ్టుకు పట్టించే చెవులు విరుగుతాయి. కొత్త క్లచ్ బ్రేక్ వేయించేదాకా ఆ బండి శిక్షణకు పనికిరాదు. పెడల్ ఎంత లోతుకు వెళ్లిందో తెరమీద చూపే సిమ్యులేటర్ ఉంటే ఈ అలవాటును మొదట్లోనే మాన్పించవచ్చు. రేంజ్ మీట, అంటే కింది గేర్ల వరస నుంచి పై వరసకు మార్చే మీట, కూడా అంతే. 10 గేర్ల బండిలో 1, 6 గేర్లు ఒకే స్థానంలో ఉంటాయి. 5 నుంచి 6కు వెళ్లేటప్పుడు లివర్ కదపకముందే, గేరులో ఉండగానే మీట పైకి లేపాలి. మరిచినవాడు వేగంగా పోతున్న బండిని 1లోకి నెట్టబోతాడు.

అన్నిటికన్నా విలువైన పాఠం వాలు. లోడు బండి వాలు దిగుతుండగా గేరు తీసి, కింది గేరు వేయలేకపోతే బండి న్యూట్రల్‌లో వేగం పుంజుకుంటుంది. ఇంజిన్ బ్రేక్ (ఇంజిన్ ఎదురుబలంతో బండిని నెమ్మదింపజేసే ఏర్పాటు) పనిచేయదు, చక్రాల బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. వాలు మొదలవకముందే గేరు ఎంచుకోవాలని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని మాట, తెరమీద ఒకసారి బండి చేయి దాటిపోతే ఎక్కుతుంది. దీన్ని నిజం రోడ్డు మీద ఏ శిక్షకుడూ చూపించలేడు, చూపించకూడదు కూడా.

అయితే ఒంటితో నేర్చుకోవలసింది సిమ్యులేటర్ ఇవ్వదు. క్లచ్ పట్టే చోటు బండి బండికీ మారుతుంది. చలి ఉదయం గేర్ ఆయిల్ చిక్కబడి షాఫ్టు త్వరగా నెమ్మదిస్తుంది, అదే బండి మధ్యాహ్నం వేరుగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు న్యూట్రల్‌లో ఉన్న క్షణంలోనే బండి వేగం పడిపోతుంది కాబట్టి చేయి చురుగ్గా కదలాలి. లివర్ నుంచి అరచేతికి తెలిసే ఆ తొలి రాపిడినీ, సీటు కింద తగిలే కుదుపునూ చవక యంత్రాలు అసలు చూపవు. లివర్‌లో ఎదురుబలం లేని సిమ్యులేటర్ మంచి చేయకపోగా చెడు అలవాటు నేర్పుతుంది. గేరు పడే ఆర్‌పీఎం హద్దును మరీ వెడల్పుగా పెట్టినదీ అంతే.

నిబంధనలు ఒక్క తీరుగా లేవు. యూరోపియన్ యూనియన్ 2003 నాటి ఆదేశం 20 గంటల వ్యక్తిగత డ్రైవింగ్‌లో గరిష్ఠంగా 8 గంటలు ప్రత్యేక మైదానంలో గానీ, ఉన్నతశ్రేణి సిమ్యులేటర్ మీద గానీ చేయనిచ్చింది. అమెరికాలో 2022 ఫిబ్రవరి 7 నుంచి అమలైన ప్రవేశస్థాయి శిక్షణ నిబంధన, బండి నడిపే శిక్షణకు సిమ్యులేటర్‌ను ఒప్పుకోదు. శిక్షణ గంటల లెక్క విషయంలో అమెరికా పద్ధతే సరైనదని మేము నమ్ముతున్నాం. క్లచ్ పెడల్ లేని బండ్లు పెరుగుతున్నాయి కదా అనవచ్చు. కానీ అలాంటి బండితో డ్రైవింగ్ పరీక్ష ఇస్తే అమెరికా లైసెన్సు మీద మాన్యువల్ గేర్ల బండి నడపరాదన్న ఆంక్ష పడుతుంది.

శిక్షణ సంస్థలు చేయవలసింది ఇది. లారీ గంటల్లో ఒక్కటీ కోయకుండా, వాటికి ముందు సిమ్యులేటర్ గంటలు చేర్చాలి. కంటికి కదలిక కనిపించి ఒంటికి తెలియకపోతే కొందరికి కడుపులో తిప్పుతుంది, కనుక ఒక్కో విడత 20 నిమిషాలు దాటించకూడదు. పక్కన శిక్షకుడు ఉండాలి. ప్రతి విడతలో ఏ గేరు దగ్గర, ఏ ఆర్‌పీఎంలో తప్పిందో యంత్రం రాసిపెట్టిన చిట్టాను మర్నాడు లారీలో కూర్చునే శిక్షకుడి చేతికివ్వాలి. అతడు ఆ గేర్ల దగ్గరే మొదలుపెడతాడు.