పొలిమేర అవతలి వాయిదా

ఆ మధ్య ఆంధ్ర సరిహద్దునే ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఓ జిరాక్స్ షాపు దగ్గర ఆధార్ కాపీలు తీయించుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ల కుర్రాడొకడు రెండు పేజీల కాగితం నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇందులో ఏటి రాశారో కాస్త చదివెట్టండి" అన్నాడు. కాగితం తెలుగులో ఉంది. అతను అడిగిందీ తెలుగులోనే. కానీ చదివింది ఒడియా బడిలో. ఇంట్లో, వీధిలో, సంతలో తెలుగే మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. పాతపట్నం వైపు కన్నవారింటికి వెళ్లిపోయిన భార్య ఆంధ్ర కోర్టులో గృహహింస కేసు వేసింది. ఆ నోటీసది. నేను గొంతు తగ్గించి చదువుతుంటే, షాపులో ఉన్న నలుగురూ పనులు ఆపుకుని మరీ విన్నారు. అంతా అయ్యాక అతను అడిగింది ఒక్కటే: "అరెస్టు చేస్తారా?"

చెయ్యరు. అది 2005 నాటి గృహహింస చట్టంలో సెక్షన్ 12 కింద వేసిన దరఖాస్తు. ఆమె రక్షణ అడగొచ్చు, ఉండడానికి చోటు అడగొచ్చు, నెలనెలా ఖర్చులు, పిల్లల కస్టడీ, నష్టపరిహారం అడగొచ్చు. అందులో అతను ప్రతివాదే తప్ప ముద్దాయి కాదు. కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చాక దాన్ని మీరితే అప్పుడది నేరం: ఏడాది వరకు జైలు, లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. భర్త, అత్తింటివాళ్లు పెట్టే క్రూరమైన బాధల మీద వేసే 498ఎ సంగతి వేరు. 1983లో పాత శిక్షాస్మృతిలో చేర్చిన ఆ సెక్షనే, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85గా మారింది. అది క్రిమినల్ కేసు. మూడేళ్ల వరకు జైలు, నాన్ బెయిలబుల్.

మా వైపు ఈ రెంటినీ కలిపి "ఫోర్ నైన్టీ ఎయిట్" అనేస్తారు. సగం నష్టం ఈ కలగాపులగంలోనే జరుగుతుంది. డీవీసీ (గృహహింస కేసు) నోటీసు రాగానే ముందస్తు బెయిలు కోసం అప్పు చేసి పరిగెత్తినవాళ్లను చూశాను. పోలీసులు ఇచ్చిన నోటీసును మామూలు వాయిదా కాగితం అనుకుని బీరువాలో పెట్టినవాళ్లనూ చూశాను. రెండోదే ప్రమాదం. ఏడేళ్ల వరకు శిక్షలున్న కేసుల్లో అలవాటుగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు పోలీసులు నాగరిక సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 35 కింద హాజరు నోటీసు ఇస్తారు. పిలిచినప్పుడల్లా వెళ్లినంత కాలం, రాతపూర్వకంగా కారణం చూపితే తప్ప అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోయినట్టే. బీరువాలో పెట్టిన కాగితం అన్నమాట అది.

ఆడవాళ్ల కేసులన్నీ అబద్ధాలని చెప్పే వ్యాసం కాదిది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన 18–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 29 శాతం భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస చూసినవాళ్లే. మా వీధిలో గోడ అవతల నుంచి వినబడేదానికి ఆ సర్వే కూడా అక్కర్లేదు. నేననేది ఇంకొకటి. కొట్టినవాడికీ వకీలు ఉండాలి, కొట్టనివాడికీ ఉండాలి. సరిహద్దు జిల్లాల్లో ఇద్దరికీ సరైన సమయంలో వకీలు దొరకడం లేదు. దాని ఫలితం మొగుడితో ఆగదు, కేసు వేసిన ఆమె మీదా పడుతుంది. అతను వాయిదాకు రాకపోతే ఆమెకు ఎక్స్‌పార్టీ ఉత్తర్వు, అంటే అవతలివాళ్లు లేకుండానే ఇచ్చే ఉత్తర్వు, వస్తుంది. గెలిచినట్టే ఉంటుంది. డబ్బు మాత్రం రాదు. మళ్లీ అమలు పిటిషన్ వెయ్యాలి, వారంటు రాష్ట్రం దాటాలి, అవతలి స్టేషన్ వాళ్లు కదలాలి. ఆ లోపు ఎవరో ఒకరు అతనికి అసలు విషయం చెబుతారు. దాంతో అతను వచ్చి ఎక్స్‌పార్టీ ఉత్తర్వు కొట్టేయమంటాడు. కథ మొదటికొస్తుంది. దరఖాస్తు 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో రాసుంది, చదువుకోవడానికి బాగుంటుంది.

కేసు ఎక్కడ వెయ్యాలన్న దాంట్లో నాకు అనుమానం లేదు. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోట కూడా వేసుకోవచ్చని గృహహింస చట్టంలోని సెక్షన్ 27 చెబుతుంది. 498ఎ విషయంలోనూ 2019లో సుప్రీంకోర్టు అదే మాట అంది. దెబ్బలు తిని కన్నవారింటికి చేరిన మనిషిని మళ్లీ అత్తవారి ఊరి కోర్టుకే రమ్మనడం అన్యాయం. కాబట్టి అతనే ఇటు నుంచి అటు వెళ్లాలి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరమని! ఆటో ఎక్కితే అరగంట పట్టదు. గుణుపూర్ – నౌపడ రైలు రెండూళ్లనూ కలుపుతూ పోతుంది. ఇటు సారె అటు వెళ్తుంది, అటు చుట్టం ఇటు భోజనానికొస్తాడు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత పెళ్లిళ్లకు ఎప్పుడూ అడ్డం రాలేదు.

కోర్టులకు మాత్రం వచ్చింది. భార్య కేసు అటు, భర్త వేసిన విడాకుల కేసు ఇటు నడుస్తుంటే, రెంటినీ ఒక చోటికి మార్చాలంటే కటక్ హైకోర్టు చెయ్యలేదు, అమరావతి హైకోర్టూ చెయ్యలేదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు బదిలీ చేసే అధికారం సుప్రీంకోర్టుదే. అరగంట ఆటో దూరానికి దారి ఢిల్లీ మీదుగా! ఇదే జంట ఒకే రాష్ట్రంలో మూడు వందల కిలోమీటర్ల ఎడంలో ఉంటే వాళ్ల హైకోర్టే సరిపోయేది. పక్కపక్క జిల్లాల మధ్య కేసులకు కొత్త చట్టం రాసినప్పుడైనా ఓ చిన్న వెసులుబాటు పెట్టి ఉండాల్సింది. నాగరిక సురక్షా సంహిత వీడియోలో విచారణకు వీలిచ్చింది నిజమే. అది ఇంటి దగ్గరి కోర్టు గదిలో కూర్చుని వాయిదాకు హాజరయ్యేదాకా వస్తే సగం బాధ తీరుతుంది.

భాష సంగతి ఇంకా చిత్రం. తనకు రాని భాషలో సాక్ష్యం చెబుతుంటే ముద్దాయికి దాన్ని అర్థమయ్యే భాషలో చెప్పించాలని క్రిమినల్ ప్రొసీజర్‌లో ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ రూలు మొదలయ్యేది కోర్టు హాల్లో, సాక్షి బోనెక్కాక. మనిషి మునిగేది అంతకు చాలా ముందు, నోటీసు దగ్గర, ఎఫ్ఐఆర్ దగ్గర. టెక్కలి అల్లుడి మీద బరంపురంలో కేసు పడితే కాగితాలు ఒడియాలో వస్తాయి. ఒడియా బడిలో చదివిన మన కుర్రాడికి తెలుగులో వస్తాయి. ఇద్దరూ జిరాక్స్ షాపు మీదే ఆధారపడాలి. గిడుగు రామమూర్తి పంతులు జనం మాటనే రాతలోకి తేవాలని పోట్లాడింది ఈ పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే. ఆయన ఊళ్లోనే తెలుగువాడు తెలుగు నోటీసు చదివించుకోవడానికి మనుషుల్ని వెతుక్కుంటున్నాడు. నోటీసు వెనకాల రెండో భాషలో నాలుగు లైన్లు అచ్చువేయడానికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు. ఇది ఏ కోర్టు, ఎప్పుడు రావాలి, ఇది అరెస్టు కాగితం కాదు, ఉచిత లాయరు కోసం ఫలానా చోటికి వెళ్లండి. అంతే.

అరెస్టే జరిగితే ఇంకో ముడి పడుతుంది, జామీను. బెయిలు వచ్చినా, ఆ ఊళ్లో భూమి కాగితాలున్న జామీనుదారులు కావాలంటారు. భార్య ఊళ్లో, ఆమె బంధువుల మధ్య, ఇతనికి జామీను పడేదెవరు? 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఈ ప్రశ్నే వేశారు: దక్షిణాది మనిషిని ఎక్కడో ఉత్తరాదిలో పట్టుకుంటే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారు ఎక్కడ దొరుకుతాడని. ఆ తీర్పు కాపీ జేబులో పెట్టుకుని వెళ్లే లాయరును పెట్టుకోవాలి. కేసుకు ముందు పదివేలు, వాయిదాకు రెండువేలు అనే లెక్క తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు మాటెత్తాం కాబట్టి, ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. అర్నేష్ కుమార్ తీర్పులోనే కొన్ని లెక్కలున్నాయి. 2012లో 498ఎ కింద దేశమంతా 1,97,762 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో 47,951 మంది ఆడవాళ్లు. అంటే దాదాపు నాలుగో వంతు అత్తలు, ఆడపడుచులు, తోటికోడళ్లు. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు. కేసు వేసేవాళ్లకే కాదు, కేసు ఎదుర్కొనేవాళ్లకు కూడా అని అందులోనే స్పష్టంగా ఉంది. అంటే ఒకే కేసులో కోడలికీ హక్కుంది, అత్తకూ హక్కుంది. గజపతి, రాయగడ జిల్లాల్లోని కంధ, సవర ఇళ్లలోనైతే మొగుడికీ ఉంది. క్రిమినల్ కేసుల కోసమే జిల్లాల్లో డిఫెన్స్ కౌన్సెల్ అని పూర్తికాలం లాయర్లను పెట్టే పథకం 2022లో వచ్చింది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అయినా మా ఊళ్లో ఉచిత న్యాయం అనగానే "అది కేసు ఏసిన ఆడోళ్లకి కదా" అంటారు. శిబిరాల్లో పంచే కాగితాల మీద ఏడుస్తున్న కోడలి బొమ్మ ఒక్కటే వేస్తే ఇంకేం అనుకుంటారు?

ఉచిత లాయరు లేని చోట సలహాలు మాత్రం ఉచితంగా దొరుకుతాయి. "ఎదురు కేసు పడెయ్." "ఉద్యోగం మానేసినట్టు చూపించు." "పొలం తమ్ముడి పేర రాసెయ్." టీ కొట్టు న్యాయశాస్త్రం ఇది. 2020 నుంచి భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, జీతం, ఖాతాలు అఫిడవిట్‌లో రాసివ్వాలని సుప్రీంకోర్టు నిర్దేశించింది. అందులో అబద్ధం రాస్తే, అప్పటిదాకా లేని తప్పు కొత్తగా నెత్తికెక్కుతుంది. డిఫెన్స్ అంటే ఇంతకన్నా చప్పగా ఉండే పని. పిల్ల స్కూలు ఫీజు ఎవరు కట్టారు, ఫోన్‌పేలో నెలనెలా ఎంత పంపావు, గొడవ జరిగిందన్న రోజు డ్యూటీలో ఉన్నావా, ఆ రిజిస్టరు ఎక్కడుంది. వాట్సాప్ మెసేజీలు చెరపకూడదు, తనకు వ్యతిరేకంగా ఉన్నవి కూడా. వాటిని కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. వేరే ఊళ్లో కాపురముంటున్న ఆడపడుచు పేరు కూడా ఇరికిస్తే, ఆమె ఏం చేసిందో విడిగా చెప్పకుండా గంపగుత్తగా ఆరోపిస్తే కేసు నిలవదని 2022లో సుప్రీంకోర్టు చెప్పిన మాట పట్టుకోవాలి. రక్షణ ఉత్తర్వు ఉంటే, "మాట్లాడి తీసుకొచ్చేస్తాను" అని రాత్రిపూట ఆమె ఇంటికి బయల్దేరకూడదు. మంచి లాయరు మొదటి రోజు చెప్పేది ఇదే.

రాజీ సంగతికొద్దాం, ఎందుకంటే చివరికి చాలా కేసులు చేరేది అక్కడికే. పాత చట్టంలో 498ఎ రాజీకి వీలు కాని నేరం. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2003లో సవరణ తెచ్చి, కోర్టు అనుమతితో రాజీ పడొచ్చంది. ఒడిశాలో ఆ వీలు లేదు. ఒకే సెక్షను, ఒకే రకం గొడవ. అటు కింది కోర్టులో ముగిసేది, ఇటు కేసు కొట్టేయించుకోవడానికి కటక్ దాకా వెళ్లాలి. రాయగడ వాళ్ల అవస్థ చెప్పనే అక్కర్లేదు. సొంత రాష్ట్రం హైకోర్టుకని రైలెక్కితే అది పార్వతీపురం, విజయనగరం చుట్టి, ఇచ్ఛాపురం దాటాక గానీ మళ్లీ ఒడిశాలో అడుగుపెట్టదు. కొత్త సంహితలో రాజీ పట్టికలోనూ 85 లేదు. అందుకని జనం దగ్గరి దారి వెతుక్కుంటారు. పెద్దమనుషుల దగ్గర ఓ మొత్తం మాట్లాడుకోవడం, ఆమె బోనెక్కి "నాకేం గుర్తులేదు" అనడం. అర్నేష్ కుమార్ తీర్పు చెప్పిన లెక్కలో 498ఎ కేసుల్లో శిక్షలు పడేది 15 శాతమే. ఆ అంకె చూపించి మిగతా 85 అబద్ధం కేసులని వాదించేవాళ్లు, ఈ "గుర్తులేదు"ల్ని ఏ ఖాతాలో వేస్తారో చెప్పాలి. మాట్లాడుకున్న మొత్తం పూర్తిగా అందిందో లేదో చూసే కోర్టూ ఉండదు. రాజీని కోర్టు గదిలోకి రానిస్తే ఇద్దరికీ రాతపూర్వకంగా ఏదో ఒకటి మిగులుతుంది.

జిరాక్స్ షాపు కుర్రాడితో మర్నాడు వాళ్లమ్మ కూడా వచ్చింది. నోటీసులో రెండో ప్రతివాది ఆవిడే. 15100కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఆవిడ చేతికిచ్చాను. ఏం అడగాలో చెప్పాను కూడా. ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకోకుండా దూరంగా పట్టుకుని, ముందు నన్నే అడిగింది: "నాను అత్తని కదా మాస్టారూ, నాకూ ఇస్తారా?"