స్టేడియం మీద పేరు రావడానికి ఇన్నేళ్లా?

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జాక్ ట్రైస్ మీద మీరు రాసిన వ్యాసం బాగుంది, కానీ ఎక్కువ భాగం ఆయన చనిపోయిన ఆట చుట్టూనే తిరిగింది. అమెరికాలోని అయోవా స్టేట్ కాలేజీకి ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన అక్కడ చదివింది పశుపోషణ. చదువు అయ్యాక అమెరికా దక్షిణాది రాష్ట్రాలకు వెళ్లి నల్లజాతి రైతులకు సాయపడాలనుకున్నాడట. ఈ మాట వ్యాసంలో ఎక్కడా లేదు.

1923 అక్టోబర్ 6న మినియాపోలిస్‌లో మిన్నెసోటా యూనివర్సిటీ జట్టుతో మ్యాచ్. ఆట మొదట్లోనే భుజం దగ్గర ఎముక విరిగినా బయటికి రాలేదు. తర్వాత కింద పడినప్పుడు అవతలి ఆటగాళ్లు తొక్కేశారు. రెండు రోజులకే ప్రాణం పోయింది, అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. కావాలని తొక్కారా, ఆటలో అలా జరిగిపోయిందా అనేది ఇప్పటికీ తేలలేదు. మీరు మాత్రం కావాలనే చేశారని తీర్మానించేశారు, అది నాకు నచ్చలేదు.

ముందు రోజు రాత్రి హోటల్ కాగితం మీద రాసుకున్న ఉత్తరం ఆయన కోటు జేబులో దొరికింది. తన జాతి, కుటుంబం, తన పరువు అన్నీ ఈ ఆట మీదే ఉన్నాయని రాసుకున్నాడు. ఆ వయసు కుర్రాడికి ఎంత టెన్షనో!

1975లో అయోవా స్టేట్ కొత్త స్టేడియం తెరిచినప్పుడు ఆయన పేరు పెట్టమని విద్యార్థులు గట్టిగానే అడిగారు. 1984లో మైదానానికి మాత్రం పెట్టి సరిపెట్టారు. స్టేడియం మొత్తానికి ఆ పేరు వచ్చింది 1997లో.